వీపున కట్టిన బిడ్డ

పోయిన నెల మా చెల్లెలి కూతురు అయిదు నెలల పాపని తీసుకుని చిలకలగూడలో మా ఇంటికి వచ్చింది. పది రోజులుంది. తనతోపాటు ఒక అట్టపెట్టె కూడా వచ్చింది. అందులో బేబీ క్యారియర్. బెల్టులు, బకిల్స్, మెత్తటి భుజం పట్టీలు, ఎలా కట్టుకోవాలో చెప్పే చిన్న పుస్తకం. ఖరీదు నాలుగు వేల పైచిలుకు. "రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి పెద్దమ్మా, పాపని కట్టుకునే ఇల్లంతా సర్దుకోవచ్చు" అంది.

హాల్లో అద్దం ముందు నిలబడి పాపని వీపుకి కట్టుకోబోతుంటే, బియ్యం ఏరుతున్న మా అత్తయ్య తలెత్తి చూసింది. "గదేందే, ఎరుకలదాని లెక్క ఈపుకు కట్టుకుంటున్నవ్?" అంది. తిట్టలేదు, నవ్వుతూనే అంది. పిల్ల కూడా నవ్వేసి ఊరుకుంది. దానికి ఎరుకలామె అంటే ఎవరో తెలియదు. నాకు తెలుసు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు.

నేను పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. ఎనభైల్లో మా వీధికి ఒక ఎరుకలామె వచ్చేది. నెత్తిన గంప, చేతిలో సన్నటి కర్ర, వీపున పాత చీర ముక్కలో చంటిబిడ్డ. "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అని కేకేస్తే అమ్మలక్కలందరూ అరుగుల మీదికి చేరేవారు. చేటలో గుప్పెడు బియ్యం పోసి చెయ్యి చాపేవారు. మమ్మల్ని మాత్రం లోపలికి తరిమేవారు. అన్నం తిననని మారాం చేస్తే, "ఎరుకలదానికి ఇచ్చేస్తా, మూటలో కట్టుకుపోతుంది" అని బెదిరించేవారు. ఆమె వీపున కదులుతున్న ఆ మూటలో ఎవరింటి పిల్లో ఉందని నేను నిజంగానే నమ్మాను. అది ఆమె బిడ్డేనని నాకెవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

మీలో చాలామంది కూడా ఆ బెదిరింపు వినే ఉంటారు. కొందరం మన పిల్లలతో అనే ఉంటాం. నేనైతే అన్నాను. అందుకే ఈ వ్యాసం.

ముందు బిడ్డని ఎత్తుకోవడం గురించి నాలుగు మాటలు. మన ఊళ్ళలో, మనలాంటి ఇళ్ళలో బిడ్డ చోటు చంక. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు" అనే సామెతలోనే ఆ సంగతి ఉంది. చంకనెత్తుకుంటే ఒక చెయ్యి బిడ్డకే పోతుంది. అయినా ఇల్లు గడిచిందంటే, ఇంట్లో ఇంకో నాలుగు చేతులు ఉండేవి కాబట్టే. అత్తగారు, ఆడపడుచు, పెద్ద పిల్లలు, దూలానికి పాత చీరతో వేసిన ఉయ్యాల. పని పడ్డప్పుడు బిడ్డని ఉయ్యాలలో వేసేవాళ్ళం.

నడిచి బతకాల్సిన ఆడమనిషికి దూలం ఎక్కడిది? నెత్తిన బరువు ఉంటే ఒక చెయ్యి దానికి కావాలి. రెండో చేతిలో కర్రో, గాడిద పగ్గమో ఉంటుంది. బిడ్డకి మిగిలింది వీపే. మనం దూలానికి వేసిన చీరనే ఆమె తన ఒంటికి వేసుకుంది. మన ఉయ్యాల ఇంట్లో ఉంది, ఆమె ఉయ్యాల ఆమెతో నడిచింది. అంతే తేడా. కానీ ఆ తేడాని మనం కులంగా, స్థాయిగా చదువుకున్నాం. వీపున బిడ్డ ఉందంటే ఇల్లు లేనిదని అర్థం చేసుకున్నాం.

బీఏ తెలుగు చదివేటప్పుడు ఎరుకలసాని నాకు మళ్ళీ ఎదురైంది. ఈసారి పాఠంలో. యక్షగానాల చరిత్ర చెప్పేటప్పుడు కొరవంజి గురించి చెప్పకుండా ఉండరు. సింగి, సింగడు అనే ఎరుకల జంట ఆ ఆటల్లో ముఖ్యులు. ప్రేమలో పడి కుమిలిపోతున్న నాయిక దగ్గరికి ఎరుకలసాని వచ్చి, చెయ్యి చూసి, మనసులో మాట బయటపెడుతుంది. శ్రీనివాస కల్యాణం కథలో అయితే సాక్షాత్తూ ఆ స్వామే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్తాడు. మా నాయనమ్మ చెప్పిన కథలో ఆయన బ్రహ్మదేవుడినే చంటిబిడ్డగా మార్చి కట్టుకుని వెళ్ళాడు. బిడ్డ లేకపోతే ఆ వేషం ఎవరూ నమ్మరట. ఆ కథ చెప్పిన నాయనమ్మే, వీధిలోకి ఎరుకలామె వస్తే మమ్మల్ని లోపలికి తరిమేది. కథలో దేవుడు, వీధిలో బూచి. ఈ రెండూ ఒకే మనిషి ఎలా అయ్యాయని అప్పుడు అడగాలనిపించలేదు.

మరి ఈ బూచి ఎక్కడినుంచి వచ్చింది? దీని వెనక చాలా పెద్ద చరిత్రే ఉంది. అందులో మా రైలు కూడా ఉంది.

ఎరుకలవాళ్ళు తమని తాము కుర్రు అని చెప్పుకుంటారు, వాళ్ళ ఇంటి భాష కుర్రు భాష. తమిళానికి దగ్గరి భాష అది. ఒకప్పుడు వాళ్ళలో చాలామందికి ఉప్పు వ్యాపారమే బతుకు. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని, బండ్లు పోలేని లోపలి ఊళ్ళకి చేర్చేవారు. అక్కడి ధాన్యం, అడవి సరుకు తెచ్చి ఇక్కడ అమ్మేవారు. ఆడవాళ్ళు బుట్టలు, చాపలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. ఊళ్ళకి వాళ్ళు కావలసినవాళ్ళు. ఉప్పు లేనిదే ఎవరింట్లో పొయ్యి వెలుగుతుంది?

ఆ బతుకు ఒక్కసారిగా పోలేదు. 1805లోనే మద్రాసు ప్రభుత్వం ఉప్పుని తన గుత్త సొత్తు చేసుకుంది. 1856లో మద్రాసు నుంచి మొదటి రైలు నడిచింది. ఆ తర్వాత పట్టాలు ఎక్కడికి చేరితే అక్కడికి ఉప్పు బస్తాలు వ్యాగన్లలో చేరాయి. 1876-78 నాటి పెద్ద కరువులో మనుషులతోపాటు పశువులూ పోయాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక వెదురు కొట్టుకోవడానికీ, పశువుల్ని మేపుకోవడానికీ అడ్డంకులు వచ్చాయి. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ వరస అంతా విడమరిచి చెప్పారు. ఉప్పు, రైలు, కరువు, అడవి ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఆ కుటుంబాల కాళ్ళ కింద నేలని లాగేశాయి.

ఇది చదివిన రోజు నాకు కిటికీలోంచి రైలు కూత కొత్తగా వినిపించింది. మా నాన్న రైల్వే, మా మామయ్య రైల్వే. చిలకలగూడ చుట్టుపక్కల రైల్వే జీతంతో కట్టిన ఇళ్ళు ఎన్నో. సికింద్రాబాదుకి రైలు వచ్చింది 1874లో. ఆ రైలే మాకు అన్నం పెట్టింది. రైలు రావడం తప్పనను. కానీ ఒకరికి అన్నం పెట్టిన పట్టాలే ఇంకొకరి గాడిదల బాటని మూసేశాయి. ఆ సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బతుకుతెరువు పోయినవాళ్ళు ఊరూరా తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు నెత్తిన ఉప్పు లేదు కాబట్టి, ఎందుకు తిరుగుతున్నారని అనుమానం మొదలైంది. 1871లో ఉత్తరాదికి తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఫలానా జాతిలో పుడితే చాలు, మనిషి పుట్టుకతో నేరస్థుడే. వేలిముద్రలివ్వాలి. పోలీసులకి హాజరు చెప్పాలి. అనుమతి చీటీ లేకుండా కదలకూడదు. అంతకు ముందే పోలీసు అధికారి ఎం. పాపారావు నాయుడు రైలు దొంగల చరిత్ర అని 1900లో ఒక పుస్తకం, ఆ తర్వాత కొరవల, ఎరుకల చరిత్ర అని ఇంకొకటి ఇంగ్లీషులో రాశారు. ఎరుక చెప్పే నెపంతో ఆడవాళ్ళు ఇంట్లోకి వచ్చి ఆనుపానులు చూసిపోతారన్నది అప్పటి పోలీసుల మాట. అంటే కొరవంజిలో నాయిక మనసు చదివిన సింగి, పోలీసు లెక్కల్లో ఇల్లు చూసి పెట్టుకునే మనిషి అయిపోయింది. మన అమ్మమ్మల నోట వినిపించిన భయంలో ఆ లెక్కల వాసన ఉందని నాకనిపిస్తుంది.

1913లో బాపట్ల, చీరాలల మధ్య స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు. తిరిగే కుటుంబాలని తెచ్చి ఒకచోట ఉంచి, పొలం పనికీ, తర్వాత చీరాల పొగాకు కంపెనీ పనికీ పెట్టారు. స్టూవర్టుపురం అనగానే మనకి గుర్తొచ్చేది దొంగలూ, సినిమాలూ. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం మన పాఠాల్లో లేదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. ఆ 1911 చట్టంలో పిల్లల గురించి ఒక సెక్షన్ ఉంది. ఈ జాతుల పిల్లలని తల్లిదండ్రుల నుంచి విడదీసి, ప్రభుత్వం పెట్టే వృత్తి బడుల్లో, సంస్కరణ బడుల్లో ఉంచవచ్చు. పిల్లలు అంటే ఎవరో కూడా రాశారు. ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు.

ఆరేళ్ళు దాటాక. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. అంటే వీపున ఉన్నంత కాలం బిడ్డ తల్లిదే. వీపు దిగి, నడక నేర్చి, మాటలు నేర్చి, తల్లి వెంట బుట్ట పట్టుకునే వయసొచ్చాక, సర్కారు వచ్చి తీసుకుపోవచ్చు. మా ఇళ్ళలో మాకు చెప్పింది, ఆమె పిల్లల్ని ఎత్తుకుపోతుందని. చట్టంలో రాసింది, ఆమె పిల్లల్ని ఎత్తుకుపోవచ్చని. ఎవరు ఎవరికి భయపడాల్సింది చెప్పండి?

ఈ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తర్వాతే వాళ్ళని విముక్త జాతులు అంటున్నారు. కాగితం మీద విముక్తి వచ్చింది. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా కాజీపేట క్వార్టర్స్‌లో మా అన్నం ముద్దల్లో ఆ చట్టం మిగిలే ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. పిల్లల పట్ల ఎరుకలవాళ్ళ మమకారం గురించి పాత పుస్తకాల్లో ఒక వింత ఆచారం కనిపిస్తుంది. భార్యకి నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో పడుకునేవాడట. ఇంగువ, బెల్లం లాంటి బాలింత మందులు ఆయనకే ఇచ్చేవారట. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో కూడా ఇది ఉంది. వాళ్ళు దీన్ని వింతగానే రాశారు. నేను మాత్రం మా ఇద్దరి కాన్పులప్పుడు ఆస్పత్రి వరండాలో పేపరు చదువుతూ కూర్చున్న మా ఆయన్ని గుర్తు చేసుకుని, నొప్పిలో వాటా ఇమ్మని మందు కూడా తాగిన ఆ మగవాళ్ళని వింత మనుషులని అనలేకపోయాను.

సరే, మన అట్టపెట్టె దగ్గరికి వద్దాం. ఈ బెల్టుల సంచీకి కూడా ఒక చరిత్ర ఉంది. అరవైల్లో ఆన్ మూర్ అనే అమెరికా నర్సు పీస్ కోర్ తరఫున ఆఫ్రికాలోని టోగోకి వెళ్ళింది. అక్కడి తల్లులు బిడ్డల్ని వీపున గుడ్డతో కట్టుకుని పని చేసుకోవడం చూసింది. తిరిగి వెళ్ళాక తనకి పాప పుడితే, అలాగే కట్టుకోవాలని తన తల్లి చేత ఒక సంచీ కుట్టించుకుంది. దానికి 1969లో పేటెంట్ వచ్చింది. స్నగ్లీ అని పేరు పెట్టి అమ్మారు. అంటే టోగో తల్లి గుడ్డ అమెరికా వెళ్ళి, పేటెంట్ తెచ్చుకుని, బకిల్స్ పెట్టించుకుని, ఇప్పుడు నాలుగు వేలకి చిలకలగూడ వచ్చింది. జపాన్‌లో, కొరియాలో, పెరూలో, మన మిజోరం, నాగాలాండ్‌లలో తల్లులు తరతరాలుగా చేస్తున్నదే ఇది.

డాక్టర్లు కూడా బిడ్డ ఒంటికి అంటుకుని ఉండటంలోని మేలుని ఆలస్యంగానే ఒప్పుకున్నారు. 1978, 79లలో కొలంబియా దేశంలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని పిల్లల్ని తల్లి ఛాతీకి ఆనించి కట్టి చూశారు. అదే కంగారూ మదర్ కేర్. మన దేశంతో కలిపి అయిదు దేశాల ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. పుట్టిన వెంటనే అలా కట్టిన తక్కువ బరువు పిల్లల్లో మొదటి నెల మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. అది ఛాతీ మీద, చర్మానికి చర్మం ఆనించి చేసే వైద్యం. వీపున కట్టుకోవడం వేరు. కానీ రెండింటిలో ఉన్న మాట ఒకటే, బిడ్డకి తల్లి ఒళ్ళే మొదటి ఇల్లు.

ఇంతకీ మా పిల్లకి ఆ క్యారియర్ కుదరలేదు. ఎలా కట్టినా పాప కిందికి జారి, ఒక పక్కకి వాలిపోయి ఏడుస్తోంది. మూడో రోజు పొద్దున వాకిట్లో కుస్తీ పడుతుంటే, చేటలు, చీపుర్లు అమ్మే ఆమె మా గేటు దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆమె వీపునా ఏడాది లోపు బాబు. కాసేపు చూసి ఉండబట్టలేక, "గట్ల కాదు బిడ్డా, కాళ్ళు యాలాడొద్దు. పాత చీరుంటె ఇయ్యి" అంది.

నా పాత నేత చీర తెచ్చిచ్చాను. దాన్ని మధ్యకి చింపి, పిల్లని ముందుకు వంగమంది. పాపని వీపు మీద బోర్లా పడుకోబెట్టింది. చీర ఒక కొస భుజం మీదుగా, ఇంకో కొస రెండో చంక కిందుగా ముందుకి తెచ్చి, ఛాతీ మీద ముడి వేసింది. పాప పిరుదుల కింద గుడ్డ గుంటలా చేసి, మోకాళ్ళు కొంచెం పైకి వచ్చేలా, కాళ్ళు కప్పలా విడివడేలా సర్దింది. మొహం ఒక పక్కకి తిప్పి, ముక్కుకి గుడ్డ అడ్డం రాకుండా చూసింది. "మెడ నిలవని పిల్లను ఈపున కట్టొద్దు. పొయ్యి కాడికి పోవద్దు. ఊకె చెయ్యి ఎనక్కి పెట్టి చూసుకోవాలె" అంది. మా పుస్తకంలో బొమ్మలేసి చెప్పిన జాగ్రత్తలే ఇవి. గడ్డం ఛాతీకి అణగకూడదనీ, కాళ్ళు తిన్నగా చాపి బిగించి కట్టకూడదనీ అందులో రాసి ఉంది. అయిదు నిమిషాల్లో పాప నిద్రపోయింది.

అత్తయ్య బయటికి వచ్చి చూసింది. ఈసారి ఏమీ అనలేదు. ఆమెని మెట్టు మీద కూర్చోమని మంచినీళ్ళిచ్చింది, టీ పెట్టమని నాకు చెప్పింది. మాటల్లో ఆమె ఎరుకలవాళ్ళేనని తెలిసింది. పెద్దపిల్ల బడికి పోతుందట, మూడో తరగతి. "గీన్ని ఇంటికాడ ఎవరి దగ్గర ఇడిసిపెట్టిరావాలమ్మా" అంది.

ఆమె నీళ్ళు తాగుతుంటే నడుం దగ్గర చీరలో దోపుకున్న ప్లాస్టిక్ కవరు కనిపించింది. డబ్బులనుకున్నాను. అందులో ఉన్నది బాబు పుట్టిన సర్టిఫికెట్, ఆమె ఆధార్ కార్డు. "ఎందుకమ్మా వెంట తిప్పుతున్నావ్, పోతుంది కదా" అన్నాను. "అడుగుతరమ్మా. గా పిల్లగాడు నీ కొడుకేనా, ఏడికెల్లి తెచ్చినవ్ అని. ఒగసారి ఫోన్ల ఫోటో తీసిండ్రు. చూపియ్యకుంటె కొడతరని భయం" అంది. చాలా మామూలుగా చెప్పింది. టీ చల్లారిందా అని చూసుకుంటూ చెప్పింది.

2018 మే నెల మీకు గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన ఫోన్లలో వాట్సాప్ మెసేజ్‌లు తిరిగాయి. ఆ పుకారుతోనే చాంద్రాయణగుట్టలో, భిక్ష అడుక్కోవడానికి పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని గుంపు కొట్టి చంపింది. ఆ రోజుల్లో ఆ మెసేజ్ నాకూ వచ్చింది. "పిల్లలు జాగ్రత్త" అని రాసి మా కుటుంబం గ్రూపులో నేనూ పంపాను. మంచే చేస్తున్నాననుకున్నాను. చిన్నప్పుడు అన్నం ముద్దతో మింగిన భయమే, పెద్దయ్యాక ఫోనులోంచి ముందుకు తోశాను.

వందేళ్ళ కింద ఆ ముత్తవ్వ ఊరు దాటాలంటే పోలీసు చీటీ చూపించాలి. ఇప్పుడు ఈ అమ్మాయి తన బిడ్డని తన వీపున కట్టుకోవడానికి సర్టిఫికెట్ వెంట తిప్పుకుంటోంది. మా పిల్ల అదే చీరతో, అదే ముడితో పాపని కట్టుకుని పార్కు దాకా వెళ్ళొచ్చింది. దారిలో ఎదురైన ముగ్గురు, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో, ఎక్కడ కొన్నారు?" అని అడిగారట. ఒక్కరూ ఆ పాప నీదేనా అని అడగలేదు.

ఆ సాయంత్రం పిల్ల వచ్చి ఆ మాట చెబుతుంటే అత్తయ్య విని ఊరుకుంది. రాత్రి అన్నాల దగ్గర మా ఆడపడుచు మనవడు కూర తిననని మొండికేస్తే, మా ఇంట్లో అలవాటైన ఆ బెదిరింపు ఆవిడ నోటిదాకా వచ్చింది. "ఎరుకల..." అని ఆగింది. తర్వాత, "తినకుంటె నీ ఇష్టం, ఆకలైతె నువ్వే అడుగుతవ్" అంది.

క్యారియర్‌ని వాపసు పంపేశారు. చీర రెండో ముక్క నా దగ్గరే ఉంది. చేటలామె మళ్ళీ వస్తే ఇద్దామని ఉతికి పెట్టాను. ఆమె పేరు అడగలేదని తర్వాత గుర్తొచ్చింది. ఈసారి వస్తే ముందు అదే అడుగుతాను.